‘నేనింకా చెప్పుడు గాలే’

2023 వానాకాలంలో హైదరాబాద్ రాయదుర్గంలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి నాకు పిలుపు వచ్చింది. ఆ కంపెనీ పేరు చెప్పను. చెప్పినా పెద్ద తేడా ఉండదు. ఆ రోడ్డు మీద ఏ అద్దాల భవనంలోకి వెళ్ళి ఈ సంగతి చెప్పినా, మా ఫ్లోర్‌లోనే జరిగినట్టుందే అనే మనిషి ఒకరైనా దొరుకుతారు.

నేను సాఫ్ట్ స్కిల్స్ ట్రైనర్‌ని. నలుగురి ముందు నిలబడి మాట్లాడటం, ప్రెజెంటేషన్ ఇవ్వడం, మీటింగులో తన మాట తాను చెప్పుకోవడం ఉద్యోగులకు నేర్పడం నా పని. అంతకుముందు గుంటూరులో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేదాన్ని. మావారి ఉద్యోగం వల్ల నల్లగండ్లకు వచ్చి పడ్డాక ఇందులోకి దిగాను. ఇన్నేళ్ళలో మైకు చూస్తే కాళ్ళు వణికే మేనేజర్లను చూశాను, స్టేజీ ఎక్కమంటే ఆ రోజు సెలవు పెట్టేసిన పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టులను చూశాను. వాళ్ళలో చాలామంది పేర్లు మర్చిపోయాను. స్వప్నను మాత్రం మర్చిపోలేదు. ఆ కేసు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నన్ను పిలిచింది హెచ్ఆర్ విభాగంలో పనిచేసే శ్రీలత. కాకినాడ అమ్మాయి, మాట మర్యాదగా ఉంటుంది, ప్రతి వాక్యం చివర ఒక చిరునవ్వు ఉంటుంది.

“చాలా మంచి టెస్టర్ అండీ. పనిలో వంక పెట్టడానికి లేదు. కాకపోతే కమ్యూనికేషన్ ఇష్యూ. క్లయింట్ కాల్‌లో సగంలో ఆగిపోతుందండీ. స్టేజ్ ఫియర్ అనుకుంటున్నాం. వాళ్ళ మేనేజర్ రాసిస్తే పిప్‌లో పెట్టాం. చివర్లో క్లయింట్‌కి ఒక డెమో ఇవ్వాలి. మీరు కాస్త కాన్ఫిడెన్స్ బిల్డ్ చేస్తే బావుంటుంది” అంది.

“డెమో సరిగా ఇవ్వకపోతే?”

“చూద్దామండీ” అని నవ్వింది.

పిప్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. పనితీరు మెరుగుపరుచుకోమని కంపెనీ ఇచ్చే గడువు అది. పేరులో మెరుగుదల ఉన్నా, అందులోకి వెళ్ళిన వాళ్ళలో చాలామంది గడువు తీరాక సామాను సర్దుకుంటారని కొండాపూర్ నుంచి కోకాపేట దాకా అందరికీ తెలుసు. శ్రీలత అన్న ‘చూద్దాం’ అర్థం కూడా నాకు బాగానే తెలుసు.

ఇక ఆ ‘కమ్యూనికేషన్ ఇష్యూ’ అనే మాట ఒకటి ఉంది. దాని మీద నాకు పాత పగ. జ్వరం అంటే థర్మామీటర్ పెట్టి చూడొచ్చు, కోడ్‌లో తప్పుంటే వేలు పెట్టి చూపించొచ్చు. దీనికి ఏ ఆధారమూ అక్కర్లేదు. ఎవరి మీదైనా వేయొచ్చు, వేశాక అది అబద్ధమని నిరూపించుకోవడం ఆ మనిషి వల్ల కాదు. వాదిస్తే ‘చూశారా, ఎలా మాట్లాడుతోందో’ అంటారు, ఊరుకుంటే ‘చూశారా, మాట్లాడదు’ అంటారు.

స్వప్న మొదటి రోజు గదిలోకి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ముప్పై దాటిన మనిషి. సొంతూరు జనగామ దగ్గర. భర్త, పాపతో మణికొండలో ఉంటుంది. పదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగు మీడియం. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టింగ్ పని చేస్తుంది. ఇదంతా నేను అడిగితేనే చెప్పింది, అదీ ఒక్కొక్క ముక్కగా.

“నీకేం కావాలమ్మా నా దగ్గర?” అని అడిగాను.

“మేడమ్, గీ నౌకరి పోతదని ఫికర్ లేదని చెప్పను. ఉన్నది. కానీ అసలు పరేషాన్ గది కాదు. ఈడికెళ్ళి తీసేస్తే ఇంకో కాడ ఇంటర్వ్యూ ఇయ్యాలె గద? ఆడ గూడ మాట్లాడాలె. ఆడ గూడ గిట్లనే నోరు పడిపోతే నేను ఇంక ఏడ పని చేస్త?”

నా దగ్గరికి వచ్చేవాళ్ళు సాధారణంగా ప్రమోషన్ కావాలంటారు, స్టేజీ మీద చప్పట్లు కావాలంటారు. ఈమె అడుగుతున్నది తన గొంతు తనకు ఉందా పోయిందా చెప్పమని. కాలేజీలో సెమినార్లు ఇచ్చేదట. పాత కంపెనీలో కొత్తవాళ్ళకు తనే పని నేర్పేదట. ఈ టీములోకి వచ్చాకే ఇలా అయిందని, ఎందుకైందో తనకే తెలియడం లేదని అంది.

నేను మామూలుగా చేసేవే మొదలుపెట్టాను. నలుగురిలో మాట్లాడాలంటే భయపడేవాళ్ళకు కొన్ని గుర్తులుంటాయి. నోరు ఎండిపోతుంది, మాట పరుగెడుతుంది, ఎప్పుడు ముగించి కూర్చుందామా అన్నట్టుంటారు, చూపు పైకప్పు మీదో తలుపు మీదో ఉంటుంది. అలాంటివాళ్ళకు ఊపిరి నిదానంగా తీసుకోవడం, మొదటి రెండు వాక్యాలు గట్టిగా పట్టుకోవడం, ఎదుట ఒక స్నేహపు ముఖాన్ని వెతుక్కోవడం నేర్పుతాను. స్వప్నను నిలబెట్టి ఏదో ఒక విషయం చెప్పమంటే చక్కగా చెప్పింది. పని గురించి ఇంగ్లీషులో చెప్పమంటే అదీ చెప్పింది. నిదానంగా, ఆలోచించుకుని, అవసరమైన మాటే వాడుతూ చెప్పింది. జనగామ యాస ఇంగ్లీషులో కూడా వినబడుతుంది, నిజమే. నా ఇంగ్లీషులో గుంటూరు వినబడదా? అర్థం కానిది ఒక్క ముక్క లేదు.

అంతకుముందు వీళ్ళు ఆమెను యాస తీసేసే క్లాసుకు కూడా పంపారట. మూతి గుండ్రంగా పెట్టి అవే మాటలు మళ్ళీ మళ్ళీ పలికించారట. అవతల దేశం క్లయింట్ వాళ్ళ యాస మనకు సగం అర్థం కాకపోయినా తలూపుతూ, చెవులు రిక్కించి, రాత్రి రికార్డింగ్ మళ్ళీ విని అర్థం చేసుకుంటాం. ఆ కష్టానికి వాళ్ళని ఎవరూ క్లాసులకు పంపరు. మనవాళ్ళు మాత్రం మనవాళ్ళ మూతులు సరిచేస్తారు. ఇలాంటి క్లాసులు పెట్టమని నన్నూ అడుగుతుంటారు, నేను పెట్టను.

మూడో నాలుగో సెషన్‌లో అనుకుంటాను, ఆమె ఫోన్ అదేపనిగా మోగింది. రెండుసార్లు కట్ చేసింది. మళ్ళీ మోగితే తీసుకోమన్నాను. కిటికీ దగ్గరికి వెళ్ళి తీసింది.

“అన్నా, పొద్దుగాల పంపిస్త అన్నవ్. ఇప్పుడేమైతుంది టైమ్? సంపుల చుక్క నీళ్ళు లేవు. ఏంది గిట్ల? … గల్లీ ఇరుకున్నదా? నిన్న ఇరుకు లేదా గల్లీ? నిన్న వచ్చింది గద బండి! … ఆగు. ఆగన్నా. జర నన్ను చెప్పనియ్. నేనింకా చెప్పుడు గాలే. మా బిల్డింగుల పసిపిల్లలున్నరు, ముసలోళ్ళున్నరు. అర్ధగంటల ట్యాంకర్ గేటు ముందట ఉండాలె. లేకుంటే రేపటికెళ్ళి నీకు ఫోనే రాదు. వేరేటోని దగ్గర తెచ్చుకుంటం. ఇగ నువ్వే సోచాయించు.”

ఫోన్ పెట్టేసి వచ్చి కూర్చుంది. “సారీ మేడమ్. వాటర్ ట్యాంకరాయన. మా అపార్ట్‌మెంటుల గా పని నాకే ఒప్పజెప్పిన్రు” అంది, మళ్ళీ కుర్చీ అంచునే.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మణికొండలో నీళ్ళ ట్యాంకర్ వాణ్ణి దారికి తెచ్చే మనిషికి నోరు లేదట! అపార్ట్‌మెంటులో అంత మంది మగవాళ్ళుండగా ఆ పని ఈమెకు అప్పజెప్పారంటే, అక్కడివాళ్ళకు ఉన్న తెలివి ఈ కంపెనీకి లేదు. నవ్వు ఆగాక నాకు అనుమానం మొదలైంది. ఈమెకున్నది స్టేజ్ ఫియర్ అని ఎవరు చెప్పారు? చూసి చెప్పారా, అనుకుని చెప్పారా?

మర్నాడు ఒక పని చేశాను. ఆమెను ఒక గదిలో, నేను పక్క గదిలో కూర్చుని వీడియో కాల్ పెట్టుకున్నాం. నేను క్లయింట్‌ని, నువ్వు నాకు రిపోర్టు చెప్పు అన్నాను. రెండు వాక్యాలు చెప్పి ఆగింది. “మేడమ్, వినిపిస్తుందా?” అంది. వినిపిస్తోందన్నాను. ఇంకో రెండు వాక్యాలు. మళ్ళీ “వినిపిస్తుందా?” ముఖం చూస్తే కళ్ళు నా వైపు లేవు, తన స్లయిడ్ మీద కూడా లేవు. స్క్రీన్ కింద ఏదో ఒక మూల అతుక్కుపోయి ఉన్నాయి. ఎదురుగా నిలబడితే తడబడకుండా మాట్లాడిన మనిషి ఇప్పుడు వాక్యం మధ్యలో దారి తప్పుతోంది.

లేచి ఆమె గదికి వెళ్ళాను. “ఎక్కడ చూస్తున్నావమ్మా?” అని అడిగాను.

“మైకు గుర్తు దిక్కు మేడమ్.”

“ఎందుకు?”

అప్పుడు ఆపకుండా మొత్తం చెప్పింది. వీళ్ళ డెలివరీ మేనేజర్ కిరణ్. క్లయింట్ కాల్స్ అన్నిటికీ అతనే హోస్ట్, అంటే కాల్ తెరిచే మనిషి. హోస్ట్‌కి మిగతావాళ్ళ మైకు మూసే అధికారం ఉంటుంది. తను మళ్ళీ వదిలేదాకా వాళ్ళు తెరుచుకోలేకుండా కూడా పెట్టొచ్చు. స్వప్న ఏదైనా చెబుతూ, సరైన మాట కోసం ఒక్క క్షణం ఆగితే చాలు, అతను ఆమె మైకు మూసేస్తాడు. ‘స్వప్న చెప్పదలుచుకున్నది ఏమిటంటే’ అని తను అందుకుంటాడు. మొదటిసారి అలా జరిగినప్పుడు ఈమెకు తెలియలేదు. తన మైకు మూసి ఉందని తెలియక, కెమెరా ముందు చేతులు తిప్పుతూ చాలాసేపు వివరించుకుంటూ పోయింది. అటు అతను మాట్లాడుతున్నాడు, ఇటు ఈమె పెదవులు ఆడుతున్నాయి. టీము వాళ్ళంతా చూశారు. ఆ తర్వాత ఎవరో స్క్రీన్ మీది ఆ బొమ్మను ఫొటో తీసి టీము గ్రూపులో పెట్టి నవ్వుకున్నారు.

“గప్పటికెళ్ళి నేను మాట్లాడుతుంటే నా మాట పోతుందా లేదా అని గదే చూస్త మేడమ్. గది చూసుకుంట చూసుకుంట ఏం చెప్తున్ననో మర్చిపోత. మర్చిపోయి ఆగుత. ఆగంగనే ఆయన బంద్ చేస్తడు. తర్వాత నేనే ఆయనతోని అంటున్న, నాకు రాదు, నువ్వే చెప్పు అని.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంతకాలం ఊపిరి తీసుకో, నిటారుగా నిలబడు అని నేను ఈమెకు పాఠాలు చెబుతున్నాను. ఈమె ఊపిరికి ఏమైంది? నోరు నొక్కినవాడు అటు ఉంటే ఇటు గొంతుకు వైద్యం చేయిస్తున్నారు. ఇంకా దారుణం, నొక్కినవాడే ఆమెకు మాట రాదని రాసి పంపాడు.

నేను కిరణ్‌తో మాట్లాడాలన్నాను. కాఫీ మిషన్ దగ్గర కలిశాడు. చురుకైనవాడు, మర్యాద తెలిసినవాడు. నేను సూటిగానే అడిగాను.

“మేడమ్, క్లయింట్ ముందు సైలెన్స్ చాలా డేంజర్. కొంచెం గ్యాప్ వస్తే వాళ్ళకి డౌట్ వస్తుంది. స్వప్న ఆలోచించి మాట్లాడుతుంది. అక్కడ అంత టైమ్ ఎవరిస్తారు? అందుకే నేను టేకోవర్ చేస్తాను. ఒకరకంగా ఆమెను ప్రొటెక్ట్ చేస్తున్నాను.”

“మైకు మూసేముందు ఆమెకు చెబుతారా?”

“చెప్తే క్లయింట్‌కి తెలుస్తుంది కదా మేడమ్.”

“మూసేశాక ఆమె ముఖం ఎప్పుడైనా చూశారా?”

అప్పుడతనికి కోపం వచ్చింది. కోపంతోపాటు అసలు భాష కూడా బయటికి వచ్చింది. “మేడమ్, నాది హుస్నాబాద్. నేను గూడ తెలుగు మీడియమే. నన్ను గూడ గిట్లనే చేసిన్రు. కాల్‌ల నోరు తెరిస్తే నవ్విన్రు. నేను నేర్చుకోలేదా? ఆమెకేం స్పెషల్?”

అతను అది గర్వంగా చెప్పాడు. నాకు అతని మీద ఆ క్షణంలో కాస్త జాలి కలగాల్సింది, కలగలేదు. తన మీద పడ్డ దెబ్బ ఎంత నొప్పో తెలిసిన మనిషి, ఆ దెబ్బనే పాఠంగా పెట్టి ఇంకొకరికి చెబుతున్నాడు. పైగా దాన్ని రక్షణ అంటున్నాడు. హుస్నాబాద్ వాడు జనగామ పిల్ల యాసకు సిగ్గుపడుతున్నాడు! రెండు ఊళ్ళ మధ్య బస్సులో పోతే ఎంత దూరం?

శ్రీలతకు చెప్పాను. ఈ కేసులో శిక్షణ కావలసింది స్వప్నకు కాదు అన్నాను. ఆమె ముఖంలో నవ్వు చెక్కుచెదరలేదు.

“మీ పాయింట్ అర్థమైందండీ. కానీ మీ స్కోప్ స్వప్న వరకే అండీ. కిరణ్ చాలా సీనియర్.”

“కనీసం డెమో రోజు హోస్ట్‌గా స్వప్నను పెట్టండి.”

“హోస్ట్ ఎప్పుడూ మేనేజరే ఉంటారండీ. అది ప్రాసెస్.”

ప్రాసెస్! ఒక మనిషి ఉద్యోగం ఆ ఒక్క డెమో మీద వేలాడుతుంటే, ఆమెకు పరీక్ష పెట్టేవాడి చేతిలోనే ఆమె గొంతు మూసే మీట ఉంటుందట. అదీ ప్రాసెస్ అట. నేను ఆ పని వదిలేసి ఇంటికి పోదామనుకున్నాను. పోతే ఆ కంపెనీకి నష్టమేమీ లేదు, ఇంకొక ట్రైనర్ వచ్చి ఆమె చేత మళ్ళీ మూతి గుండ్రంగా పెట్టిస్తాడు. అందుకని ఉండిపోయాను.

మిగిలిన రోజుల్లో ఆమెకు నేర్పింది ఒక్కటే, మొదలుపెట్టిన వాక్యం ముగించడం. ఆమె మాట్లాడుతుంటే నేను అడ్డు తగిలేదాన్ని. దగ్గేదాన్ని, ప్రశ్న వేసేదాన్ని, ‘నువ్వు చెప్పేదేమిటంటే’ అని అందుకునేదాన్ని. మొదట్లో అడ్డు తగిలిన ప్రతిసారీ “సారీ మేడమ్” అని ఆగిపోయేది.

“నువ్వెందుకమ్మా సారీ చెబుతావు? అడ్డం వచ్చింది నేను. ట్యాంకర్ వాడితో ఎలా మాట్లాడావో అలా మాట్లాడు.”

ఆమె మొదటిసారి గట్టిగా నవ్వింది. “వాడు నాకు అప్రైజల్ చెయ్యడు గద మేడమ్!”

ఆ మాట నిజం. ధైర్యం మీద పుస్తకాలు రాసేవాళ్ళెవరూ దాన్ని రాయరు. భయం ఉత్తది కాదు, జీతం రాసే చేతి మీద ఉన్న భయం. లేదు లేదు, నీ మనసులోనే ఉంది అంతా అని ఆమెకు చెప్పడం మోసం అవుతుంది. నేను చెప్పలేదు. భయం ఉంటుంది, చేతులు చల్లబడతాయి, అయినా వాక్యం చివరిదాకా వెళ్ళొచ్చు అని మాత్రం చెప్పాను. స్క్రీన్ కింద మైకు గుర్తు ఉండే చోట ఒక కాగితం ముక్క అంటించాం. అది కనబడకపోయేసరికి రెండు రోజులు అల్లాడిపోయింది. తర్వాత తర్వాత కళ్ళు స్లయిడ్ మీదికి, అక్కణ్ణుంచి కెమెరా మీదికి వచ్చాయి. మాట కోసం ఆగినప్పుడు కంగారు పడకుండా, ఆగడం కూడా మాట్లాడటంలో భాగమే అన్నట్టు ఆగడం అలవాటైంది. ఒకరోజు నేను మధ్యలో అందుకోబోతే, అరచెయ్యి ఎత్తి, నా వైపు చూడకుండానే తన వాక్యం పూర్తిచేసింది. చేశాక తనే ఉలిక్కిపడింది.

డెమో సాయంత్రం వేళ. క్లయింట్ వైపు నుంచి హెలెన్ అనే పెద్దావిడ, ఆవిడ పక్కన ఒకరిద్దరు. కిరణ్ ఫ్లోర్‌కి అటు చివర అద్దాల మీటింగ్ రూములో ఉన్నాడు. స్వప్న ఇటు చివర, ఒక మనిషి పట్టే చిన్న గదిలో. శ్రీలతను బతిమాలి నేను ఆ గదిలో ఒక మూల స్టూలు వేసుకున్నాను.

స్వప్న మొదలుపెట్టింది. బాగానే సాగింది. కొత్త వెర్షన్‌లో ఒకచోట పాత కస్టమర్ల వివరాలు తారుమారయ్యే ప్రమాదం ఉంది. దాన్ని ఎలా కనిపెట్టిందీ, విడుదల ఎందుకు కొన్నాళ్ళు ఆపాలో చెప్పడమే ఆ డెమోలో అసలు ముక్క. అక్కడికి వచ్చేసరికి హెలెన్ ఒక ప్రశ్న వేసింది. మంచి ప్రశ్న. స్వప్న ఆలోచించుకోవడానికి ఆగింది. ఆగడం అంటే ఎంత? మనం అన్నం ముద్ద మింగి మాట్లాడేంత.

“వాట్ స్వప్న మీన్స్ ఈజ్” అని స్పీకర్లో కిరణ్ గొంతు వినబడింది.

స్వప్న నోరు తెరిచింది. మాట పోవడం లేదు. ఆ కాగితం ముక్క పీకి చూసింది. మైకు మూసి ఉంది. నొక్కింది, తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కింది. అటు కిరణ్ చెప్పేస్తున్నాడు, తేదీ మార్చక్కర్లేదు, చిన్న విషయమే, చూసుకుంటాం అంటున్నాడు. ఆమె చెప్పబోయిన దానికి అది పూర్తిగా ఎదురు మాట. నేను లేచి నిలబడ్డాను. ఏం చేద్దామని నిలబడ్డానో నాకే తెలియదు, అరుద్దామనే అనుకుంటాను.

నాకంటే ముందు ఆమె లేచింది. లాప్‌టాప్ అక్కడే వదిలేసింది. తలుపు తీసుకుని ఫ్లోర్ మధ్యలో నుంచి నడిచింది. వరసల్లో కూర్చున్నవాళ్ళు తలెత్తి చూస్తున్నారు. ఆ రోజు ఆమె కాళ్ళకు వేసుకున్నవి మామూలు చెప్పులు, వాటి చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను వెనకాలే పరుగెత్తినంత పని చేశాను. మీటింగ్ రూము తలుపు నెట్టి, కిరణ్ కుర్చీ పక్కన నిలబడి, అతని కెమెరాలోకి వంగింది.

“కిరణ్, ఐ హావెంట్ ఫినిష్డ్” అంది.

గొంతు పెద్దది చేయలేదు. ఆమె హెలెన్‌కు నమస్కారం పెట్టినట్టు తల వంచి, నా మైకు మూసుకుపోయింది, మీ ప్రశ్నకు జవాబు ఇంకా చెప్పలేదు అని ఇంగ్లీషులో అంది. తన స్లయిడ్లు అక్కడ లేవు. ఉత్త మాటలతోనే చెప్పింది. విడుదల ఆపాలి, చిన్న విషయం కాదు, ఎందుకు కాదో ఇదీ అంది. మధ్యలో రెండుసార్లు మాట కోసం ఆగింది. అటు హెలెన్ కూడా ఆగింది. భూమి ఏమీ బద్దలవలేదు. క్లయింట్ ఎవరూ లేచి వెళ్ళిపోలేదు. చివర్లో ఆవిడ సరే, ఆపుదాం, వివరాలు రాసి పంపండి అని ఎప్పటి గొంతుతోనే అని కాల్ ముగించింది.

బయటికి వచ్చాక స్వప్న మెట్ల దగ్గర కూర్చుండిపోయింది. “మేడమ్, లాప్‌టాప్ ఆడనే ఇడిచిపెట్టొచ్చిన. పోయి తెచ్చుకోవాలె” అంది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నేను ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

ఉద్యోగం నిలబడింది. నా రక్తం మరిగింది ఆ తర్వాతే. పిప్ ముగిసిందని పంపిన మెయిల్ స్వప్న నాకు చూపించింది. ‘మేనేజర్ మార్గదర్శకత్వంలో ఉద్యోగి కమ్యూనికేషన్ గణనీయంగా మెరుగుపడింది’ అని ఉంది. నేను మళ్ళీ చదివాను. మార్గదర్శకత్వం! అంటే అద్దాల గది తలుపు ఎటుందో చూపించడమా? కిరణ్‌ను ఎవరూ పిలిచి ఒక్క ప్రశ్న వేయలేదు. విడుదల ఆగడం వల్ల తప్పిన ప్రమాదాన్ని కూడా టీము సమష్టి కృషి ఖాతాలో వేశారు.

కొన్నాళ్ళకు శ్రీలత మళ్ళీ ఫోన్ చేసింది. “స్వప్న కేసు మాకు సక్సెస్ స్టోరీ అండీ. ఫ్లోర్‌లో లేడీస్ అందరికీ కాన్ఫిడెన్స్ మీద ఒక వర్క్‌షాప్ చేయగలరా?”

“చేస్తాను. కానీ లేడీస్‌కి కాదు. మీ మేనేజర్లందరినీ కూర్చోబెట్టండి. ఎదుటి మనిషి మాట ముగించేదాకా నోరు మూసుకుని ఎలా ఉండాలో నేర్పుతాను” అన్నాను. నాకు కోపం వస్తే గుంటూరు బయటికి వస్తుంది, దాచలేను.

“వాళ్ళు చాలా బిజీ అండీ” అంది. ఆ తర్వాత ఆ కంపెనీ నుంచి నాకు పిలుపు రాలేదు.

అప్పటి నుంచి నేను పని ఒప్పుకునేముందు ఒక షరతు పెడుతున్నాను. భయం ఉందన్న మనిషిని నా గదిలోకి పంపేముందు, ఆ మనిషి కూర్చునే మీటింగులో నన్ను ఒక మూల కూర్చోనివ్వాలి. చాలా కంపెనీలు కుదరదంటాయి. కుదరదన్న చోటే కూర్చోవలసిన అవసరం ఉందని ఇప్పుడు నాకు తెలుసు. ఒప్పుకున్న చోట్ల నేను మాట్లాడేవాళ్ళను చూడను, వింటున్నవాళ్ళను చూస్తాను. జబ్బు ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

పోయిన ఏడాది స్వప్న ఫోన్ చేసింది. వేరే కంపెనీలో చేరింది, ఇంటర్వ్యూలో నోరు పడిపోలేదు. ఇప్పుడు తన కింద ఒక చిన్న టీము ఉంది, కాల్స్‌కి తనే హోస్ట్.

“మేడమ్, మొన్న ఒకటి అయ్యింది. మా టీముల కొత్తగ ఒక పిల్ల వచ్చింది, వనపర్తిది. క్లయింట్ ఏదో అడిగితే మధ్యల ఆగిపోయింది. అందరు సూస్తున్నరు. మీతోటి అబద్ధమెందుకు, నా చెయ్యి గూడ మ్యూట్ మీదికి పోయింది మేడమ్. నేనే చెప్పేద్దామని.”

“మరి?”

“చెయ్యి తీసి తొడ కింద పెట్టుకొని కూసున్న. మస్తుసేపు అయినట్లు అనిపించింది. ఎవ్వలం మాట్లాడలె. తర్వాత ఆ పిల్లనే చెప్పింది. మంచిగ చెప్పింది.”

ఫోన్ పెట్టేశాక నాకు సంతోషంగా ఉండాలి. ఉంది. కానీ ఇన్నేళ్ళ కోపం కూడా ఒక్కసారి మళ్ళీ పొంగింది. ఆమె ఆగిన ఆ కాసేపు ఎంత ఉండి ఉంటుంది? దానికి శిక్షణ అక్కర్లేదు, ప్రాసెస్ అక్కర్లేదు, ట్రైనర్ అసలే అక్కర్లేదు. ఆ కాసేపు నోరు మూసుకుని ఉండలేని మనిషే, మాట వచ్చిన ఒక మనిషికి మాట రాదని రాసి సంతకం పెట్టాడు.